నాలుగో బ్యాటరీ

ఏప్రిల్ 9, గురువారం

బాబాయ్,

నేను బాగున్నాను. మీరంతా బాగున్నారనే అనుకుంటున్నాను. సరుకుల జీపు వారానికి ఒక్కసారే వస్తుంది, గంట ఆగి ఉత్తరాలు తీసుకుని వెళ్లిపోతుంది. డ్రైవరు అప్పుడే హారన్ మీద చెయ్యి వేశాడు. అందుకని సూటిగా చెబుతున్నా. ఈ సంచి నన్ను చంపుతోంది.

అసలు అక్కడ నీ పనేమిటని పోయిన ఉత్తరంలో అడిగావు. మా షెడ్డుకి పైన, కొండ గట్టు మీద, గాలినీ వాననూ ఎండనూ కొలిచే పెట్టెలు ఉన్నాయి. అవి బ్యాటరీలతో నడుస్తాయి. ఛార్జి చేసినవి పైకి మోయాలి, అయిపోయినవి కిందకి మోయాలి. జీపు దారి షెడ్డు దగ్గరే ఆగిపోతుంది. పైకి మూడు గంటలు, కిందకి రెండు. ఒక్కో బ్యాటరీ ఆరు కిలోలు. నా వంతు రెండు. నీళ్లు, పనిముట్లు, వానకోటు కలిపితే పదహారు కిలోలు. మోసేవాళ్లం ఏడుగురం. సాయంత్రం దిగి వచ్చాక ఇన్‌ఛార్జి రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక టిక్కు పెడతాడు. 730 టిక్కులు నిండితే టౌను ఆఫీసులో పర్మనెంటు ఉద్యోగం. కుర్చీ, ఫ్యాను, పింఛను. మధ్యలో వదిలేస్తే అన్నీ సున్నా. నావి ఆదివారాలతో కలిపి 61 అయ్యాయి.

నిన్న స్నానం చేసి వస్తుంటే వంటక్క నా భుజాలు చూసి, "ఏం పిల్లా, ఎవరైనా బెల్టు తీసి బాదారా?" అంది. రెండు భుజాల మీదా ఎర్రగా రెండు వేళ్ల వెడల్పున వాతలు. మిగతావాళ్లు పట్టీల కింద తువ్వాలు మడిచి పెట్టుకోమంటున్నారు. పెట్టుకున్నా. తువ్వాలు జారిపోతోంది, వాతలు జారడం లేదు.

సంచి లోపల మీ షాపు లేబులు ఉంది. కుట్టినవాళ్లే జవాబు చెప్పాలి. పైగా నీ మాట మీదే నన్ను ఈ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఇక్కడ ఎవరి ముందూ మూలగలేను కాబట్టి నీ ముందు మూలుగుతున్నాను.

పిన్నిని అడిగానని చెప్పు.

గునపం


ఏప్రిల్ 14

గునపానికి, బాబాయి ఆశీస్సులు. నేను పెట్టిన ముద్దుపేరు ఇంకా వదల్లేదన్నమాట.

నీ ఉత్తరం కౌంటరు దగ్గరే నిలబడి చదివాను. జిప్పు మార్పించుకోవడానికి వచ్చినాయన, "మీరు నింపాదిగా చదువుకోండి, నాకేం తొందర లేదు," అని వెటకారంగా అన్నాడు. నేను నిజంగానే నింపాదిగా చదివాను.

సంచిలో తప్పు లేదు. నువ్వు వేసుకోవడంలో ఉంది. అందరూ చేసేదే నువ్వూ చేస్తున్నావు. సంచి ఎత్తి భుజాల మీద వేసుకుని ముందు భుజం పట్టీలు లాగేస్తావు. నడుం పట్టీ ఏదో అలంకారానికి ఉన్నట్టు ఆఖర్న బిగిస్తావు, లేదా బిగించనే బిగించవు. అవునా?

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. ముందు వీపు కొలత కావాలి. నీ అంతట నువ్వు కొలుచుకోలేవు, వంటక్కను పిలువు. తల కిందకి వంచితే మెడ వెనక ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడి నుంచి మొదలు. రెండు చేతులూ నడుముకి రెండు పక్కలా తుంటి ఎముకల పైన ఆనించు, బొటనవేళ్లు వెనక్కి ఉండాలి. ఆ రెండు బొటనవేళ్ల మధ్య గీత గీసినట్టు అనుకుంటే, అక్కడితో ఆఖరు. పదహారు నుంచి పద్దెనిమిది అంగుళాల లోపు ఉంటే, సంచి వీపు పలకని లోపలి మధ్య గాడిలోకి మార్చు. మీ ఆఫీసుకి పంపే సంచులన్నీ పై గాడిలో పెట్టి పంపుతాం. అది ఆరడుగుల మగవాడి కొలత. నీకు అది సరిపోదు.

తరవాత బ్యాటరీలు లోపల పెట్టి, పట్టీలన్నీ వదులు చేసి అప్పుడు వేసుకో. నడుం పట్టీ మెత్త సరిగ్గా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. పొట్ట మీద కాదు, కిందకి జారీ కాదు. ముందు దాన్ని బిగించు. బరువంతా అక్కడ దిగాలి. ఆ తరవాతే భుజం పట్టీలు, అవి ఒంటిని అంటుకుని ఉంటే చాలు, మోయక్కర్లేదు. భుజం పైనుంచి సంచి తలకి పోయే చిన్న పట్టీలు రెండుంటాయి. వాటిని కొంచెం లాగితే సంచి వెనక్కి వేలాడకుండా వీపుకి దగ్గరవుతుంది. ఛాతీ పట్టీ ఆఖర్న. ఊపిరి ఆడేలా ఉంచుకో.

పిన్ని నీ భుజాలకి ఏదైనా రాసుకుంటున్నావా అని అడగమంది. అడిగాను. ఇంట్లో అదే అడిగిస్తుంది, నేనే రాస్తాను, నువ్వు మాత్రం "పిన్నిని అడిగానని చెప్పు" అంటావు. నన్నెవరూ అడగరు.

మీ బాబాయి


మే 7, గురువారం

బాబాయ్,

కొలత పదిహేడు అంగుళాలు. వంటక్క టేపు పట్టుకుని, "పెళ్లి జాకెట్టా?" అంది. "కాదక్కా, బ్యాటరీలకి," అన్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటి రోజు సగం దారిలో ఆగి భుజాలు తడుముకున్నా. మంట లేదు! ఎవరో వెనకనుంచి సంచి కొంచెం ఎత్తి పట్టుకున్నట్టు ఉంది. వాతలు పదిరోజుల్లో మానిపోయాయి. మిగతా ఆరుగురి సంచులు కూడా నేనే సరిచేశాను. ఇప్పుడు ఇక్కడ నా పేరు డాక్టరమ్మ.

ఒక విశేషం ఉంది. పోయిన శనివారం ఇన్‌ఛార్జి గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తూ, "ఏమ్మా, ఈ మధ్య భుజాలు రుద్దుకోవడం మానేశావే?" అన్నాడు. "మా బాబాయి చెప్పాడు సార్," అని గొప్పగా మొత్తం వివరించాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే ఇంకోటి పడుతుంది," అన్నాడు. నవ్వాను. మర్నాడు చూస్తే అందరి సంచుల పక్కనా మూడేసి బ్యాటరీలు ఉన్నాయి.

ఇప్పుడు ఇరవై రెండు కిలోలు. మూడోది ఎలా పేర్చాలో తెలియడం లేదు, నడుస్తుంటే వెనక్కి లాగుతోంది. వాళ్లెవరూ నన్ను ఏమీ అనలేదు కానీ, డాక్టరమ్మా అని పిలవడంలో కొంచెం తేడా వచ్చింది.

టిక్కులు 89.

గునపం


మే 16

గునపానికి,

డాక్టరమ్మ అయ్యావంటే పిన్ని వీధిలో నలుగురికీ చెప్పింది. వాళ్లు నిజం డాక్టరనుకున్నారు. సరిదిద్దడానికి నాకు మనసొప్పలేదు.

మూడో బ్యాటరీని సంచి తల దగ్గర పెట్టకు, బయటివైపూ పెట్టకు. రెండింటినీ కింద పక్కపక్కనే నిలబెట్టి, మూడోదాన్ని వాటి మీద అడ్డంగా, వీపుకి ఆనేలా పడుకోబెట్టు. ఖాళీలో వానకోటు కూరు, కదలకూడదు. తల దగ్గరి చిన్న పట్టీలు ఇంకో వేలెడు లాగు. వెనక్కి లాగడం ఆగిపోతుంది.

నాకూ ఒక విశేషం ఉంది. మీ ఆఫీసు గుమాస్తా పన్నెండు చిరిగిన సంచులు తెచ్చి, "మీ అమ్మాయి అక్కడ అందరి సంచులూ బాగుచేసిందటగా, ఆ పద్ధతేదో మాకు రాసివ్వండి," అన్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి రాసిచ్చాను. ఒక పేజీ. కొలత, నడుం పట్టీ, భుజం పట్టీ, వరసగా బొమ్మలతో. కింద ఒక వాక్యం కూడా చేర్చాను: "సరిగ్గా బిగించిన సంచికి బరువు తెలియదు." అచ్చు వేయించి అన్ని షెడ్లకీ పంపిస్తారట. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను, నా మాట అచ్చులో రావడం ఇదే మొదటిసారి.

నీవల్లే. జాగ్రత్త.

బాబాయి


జూన్ 11, గురువారం

బాబాయి గారికి,

మీ కాగితం చేరింది. షెడ్డులో తలుపు పక్కన గోడకి అతికించారు. చివరి వాక్యం కింద ఇన్‌ఛార్జి ఎర్ర సిరాతో గీత గీశాడు. రోజూ దాని ముందు నుంచే బయటికి వెళతాం.

కాగితం, ఆఫీసు ఉత్తర్వు ఒకే కవరులో వచ్చాయి. ఉత్తర్వు మీరు చూసే ఉంటారు కనుక దాని గురించి నేను రాయాల్సింది లేదు. మీరు చెప్పినట్టే పేరుస్తున్నాను.

టిక్కులు 124. పిన్నికి నమస్కారాలు.

ఇట్లు,
మీ అన్నగారి కూతురు


జూన్ 19

గునపానికి,

బాబాయి గారా? నేను మీ ఆఫీసరునా ఏమిటి? "చూశావా, ఉద్యోగం మర్యాద నేర్పింది," అని పిన్నికి చూపించాను. పిన్ని చదివి, "మర్యాద కాదు, దానికేదో అయింది," అంది. నీకు ఒంట్లో బాగాలేదేమో అడగమంది. ఆడవాళ్లకి అన్నిటా అనుమానమే.

ఉత్తర్వు నేను చూడలేదు కానీ గుమాస్తా చెప్పాడులే, కాగితం అన్ని చోట్లా గోడకి అంటించి తీరాలని ఆర్డరు వేయిస్తానన్నాడు. మంచిదే కదా. కొత్త పద్ధతి ఏదైనా మొదటి వారం ఇబ్బందిగానే ఉంటుంది, మీవాళ్లకి చెప్పు, ఓపిక పట్టమను. అలవాటైపోతుంది.

ఎర్ర సిరాతో గీత గీశాడా! ఆయనకి వాక్యం విలువ తెలుసన్నమాట. షాపులో అందరికీ చెప్పాను.

ఈమధ్య చిన్న ఉత్తరాలు రాస్తున్నావు. పని ఎక్కువగా ఉందా?

బాబాయి


ఆగస్టు 20, గురువారం

బాబాయి గారికి,

మీ రెండు ఉత్తరాలు, పిన్ని కార్డు అందాయి. జవాబు రాయనందుకు ఏమీ అనుకోవద్దు.

కుడి భుజం పట్టీ కుట్టు ఊడిపోయింది. నా సంచి (నంబరు 5) ఆఫీసు ద్వారా మీ షాపుకి పంపుతున్నారు. రూలు మీకు తెలుసు, ఎవరి నంబరు సంచి వాళ్లే మోయాలి, ఇంకొకరిది ఇవ్వరు. ఒకాయన సంచి మీ దగ్గర నుంచి వారంలో తిరిగొచ్చింది. నాదీ అలాగే వచ్చే గురువారానికి పంపండి. దయచేసి ఆలస్యం చేయవద్దు.

ఎడమ చెయ్యి కాస్త తిమ్మిరిగా ఉంటోంది. చలి వల్ల కావచ్చు. పిన్నికి చెప్పనక్కర్లేదు.

టిక్కులు 194.

ఇట్లు,
మీ అన్నగారి కూతురు


ఆగస్టు 27

గునపం,

నీ సంచి సోమవారం వచ్చింది. కొక్కేనికి తగిలించి, తలకిందులు చేసి దులిపి, లోపలి బట్ట బయటికి తిప్పాను. అది చేసి మూడు రోజులైంది. ధైర్యం కూడదీసుకుని ఇప్పుడు రాస్తున్నాను.

లోపలి బట్ట మీద బ్యాటరీ మూలలు ఒరుసుకున్న గుర్తులు రెండు వరసల్లో ఉన్నాయి. కింద వరసలో రెండు బ్యాటరీలవి. అవి ఉండాల్సిందే. పైన ఒక్కటి అడ్డంగా పెడితే పడే గుర్తులు వేరు. నీ సంచిలో పైన కూడా రెండు ఉన్నాయి. అంటే నాలుగు. ఇరవై ఎనిమిది కిలోలు. నువ్వు వెళ్లేటప్పుడు నలభై తొమ్మిది కిలోలున్నావు.

ఎడమ పట్టీ బకిలు దగ్గర పాత ఒరిపిడి ఒక చోట ఉంది, కొత్తది నాలుగు వేళ్ల కిందకి ఉంది. అంటే కొన్ని వారాలుగా ఎడమ పట్టీ వదిలేసి, బరువంతా కుడి భుజం మీద మోశావు. కుడి కుట్టు ఊడింది అందుకే. దారం తెగలేదు, ఒక్కో కుట్టూ లాక్కుపోయింది.

ఛాతీ పట్టీ చివర పంటిగాట్లు ఉన్నాయి. మొదట ఎలకేమో అనుకున్నాను. ఎలక గాట్లు నాకు తెలుసు, ఇవి కావు. ఒక చేత్తో బకిలు పట్టుకుని రెండో చేత్తో లాగాలి కదా దాన్ని. నీకు రెండో చెయ్యి పనిచెయ్యడం లేదు. నోటితో లాగుతున్నావు. చలట, తిమ్మిరట! నువ్వు మొహమాటపడ్డావు కానీ సంచి పడలేదు.

నాలుగు ఎప్పటినుంచి? నాకెందుకు చెప్పలేదు? నేను చచ్చానా?

పిన్నికి చెప్పనక్కర్లేదన్నావు. చెప్పాను. సంచి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి చూపించాను. ఆ పట్టీ చివర వేలితో తడిమింది.

సరే విను. కుట్టు గంట పని. అయిపోయింది కూడా. కానీ సంచి పంపను. నీ నంబరు సంచి నీ దగ్గర లేకపోతే నీ మీద బరువెత్తరు కదా, ఆ రూలు నాకూ తెలుసు. పట్టీ గుడ్డ స్టాకు లేదని ఆఫీసుకి రాశాను. నెల రోజులు లాగుతాను, అవసరమైతే రెండు. నువ్వు ఆ షెడ్డులో కూర్చుని టీ తాగు. చెయ్యికి విశ్రాంతి ఇవ్వు. ఇరవై రెండేళ్లలో కస్టమరుకి మొదటిసారి అబద్ధం చెప్పాను, హాయిగా ఉంది.

బాబాయి


సెప్టెంబరు 17, గురువారం

బాబాయ్,

దారిలో కొండచరియ విరిగిపడి రెండు గురువారాలు జీపు రాలేదు. నీ ఉత్తరం ఇప్పుడే అందింది. డ్రైవరు ఉన్న గంటలోనే ఇది రాస్తున్నాను.

సంచి లేని రోజుకి టిక్కు లేదు.

ఆ సంగతి నేను రాయలేదు, ఎందుకంటే వారంలో వచ్చేస్తుందనుకున్నాను. నువ్వు నాకు విశ్రాంతి ఇచ్చావని సంతోషపడుతున్నావు. ఇరవై ఎనిమిది రోజులు, నిన్నటి వరకు. రోజూ ఆ ఆరుగురూ వెళ్లేదాకా గుమ్మంలో నిలబడతాను. తరవాత పాత్రలు తోముతాను, ఒంటి చేత్తో, వంటక్క చూడకుండా. సాయంత్రం ఇన్‌ఛార్జి రిజిస్టరు తెరిచి, "ఐదో నంబరూ, మీ బాబాయిగారికి గుడ్డ దొరికిందా?" అంటాడు. అందరూ నవ్వుతారు. నా వరుస ఖాళీగా వదిలి కింది పేరుకి వెళతాడు. 194 దగ్గరే ఆగిపోయాను. నా నాలుగు బ్యాటరీలూ వాళ్లే పంచుకుని రెండేసి ట్రిప్పులు తిరుగుతున్నారు. ఇప్పుడు నన్ను డాక్టరమ్మ అని కూడా ఎవరూ పిలవడం లేదు.

నాలుగు ఎప్పటినుంచి అని అడిగావు. నీకు నిజంగా తెలియదా? జూన్ ఒకటి నుంచి. నీ కాగితం వచ్చిన కవరులోనే ఉత్తర్వు వచ్చింది. "జతపరచిన పద్ధతి ప్రకారం బిగించినచో బరువు తెలియదని నిపుణుల అభిప్రాయం అయినందున, ఒక్కొక్కరికి నాలుగు." నిపుణుడు నువ్వే. ఇన్‌ఛార్జి పైకి చదివి నావైపు చూశాడు. మిగతావాళ్లూ చూశారు. నువ్వు చూసే సంతకం పెట్టావనుకున్నాను. ఆ తరవాత నీ ఉత్తరంలో ఓపిక పట్టమను, అలవాటైపోతుంది అని రాశావు. ఇంక ఏం చెప్పను? నువ్వు పెట్టించిన ఉద్యోగం, నువ్వు కుట్టిన సంచి, నువ్వు రాసిన కాగితం. ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు తెలియదంటున్నావు. నమ్ముతున్నాను. కానీ నమ్మినందువల్ల టిక్కులు పెరగవు.

చెయ్యి సంగతి ఇక్కడ తెలిస్తే అన్‌ఫిట్ అని రాసి పంపించేస్తారు. అప్పుడు 194 కూడా ఉండవు. అందుకే ఎవరికీ తెలియనివ్వడం లేదు. ఇంకా 536 కావాలి. కుడి భుజంతో లాగేస్తాను. ఎడమది ఎలాగూ నొప్పి తెలియడం మానేసింది.

సంచి పంపు. రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను అని రాయబోయాను. ఒకటి పైకి లేవదు. ఒంటి చేత్తోనే అడుగుతున్నాను.

గునపం


సెప్టెంబరు 22

తల్లీ,

నేను చూడలేదు. ఒట్టు. గుమాస్తా ఉత్తర్వు సంగతి ఎత్తినప్పుడు కాగితం అంటించమనేదే అనుకున్నాను. నిన్న రైల్లో టౌను ఆఫీసుకి వెళ్లి అడిగితే ఫైలు తీసి చూపించాడు. "మీ వాక్యమే కదండీ," అన్నాడు. నాదే. సంచికి తెలియదేమో, ఒంటికి తెలుస్తుంది. అది రాస్తున్నప్పుడు నాకు తట్టలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ రాసిచ్చాను.

ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాద్దామని కూర్చుంటే పిన్ని పెన్ను లాక్కుంది. "ఏప్రిల్ నుంచి రాసుకుంటూనే ఉన్నారు మీ ఇద్దరూ. పట్టీ లాగు, వదులు చెయ్యి, అడ్డంగా పెట్టు. నువ్వు ఒక పట్టీ సర్దితే వాళ్లు ఒక బ్యాటరీ పెడుతున్నారు. దాని చెయ్యి పోయాక ఏ గాడిలో పెడతావు?" అంది.

సంచి పంపుతున్నాను. ఈ గురువారం ఆఫీసులో చేరుతుంది, వచ్చే గురువారం జీపులో నీకు వస్తుంది. దాంతో రిపేరు చీటీ ఉంటుంది. మూడు కాపీలు. ఒకటి షాపుకి, ఒకటి ఇన్‌ఛార్జికి, ఒకటి పై ఆఫీసు ఫైలుకి. అందులో "చిరగడానికి కారణం" అని ఒక గడి ఉంది. ఇన్నేళ్లూ ఆ గడిలో "మామూలు వాడకం" అనే రాశాను. చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఈసారి ఇలా రాశాను:

"ఇరవై ఎనిమిది కిలోలు, సుమారు పదకొండు వారాలు. ఈ సంచి కుట్టినది ఇరవైకి. మోసినవారి ఎడమ చెయ్యి పనిచేయడం లేదు. ఆధారం: ఎడమ పట్టీ వదులు, ఛాతీ పట్టీ మీద పంటిగాట్లు. నేను రాసిచ్చిన కాగితంలో చివరి వాక్యం తప్పు. వైద్య పరీక్ష అవసరం."

షాపు ఓనరు చదివాడు. "ఇది వెళితే ఆఫీసు పని మనకి మళ్లీ రాదు. తెలుసుగా?" అన్నాడు. "తెలుసు," అన్నాను. "స్టాంపు డ్రాయరులో ఉంది, నేను టీకి వెళ్తున్నా," అని బయటికి వెళ్లాడు. స్టాంపు నేనే వేశాను.

ఇది చదివేసరికి చీటీ ఆఫీసులో ఉంటుంది. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు. నువ్వు 194 కాపాడుకోవాలనుకున్నావు. అవి నేనే తీసేశాను. తిట్టుకో. ఉత్తరంలో తిట్టాలనిపిస్తే తిట్టు, పిన్ని కంట పడకుండా చదువుకుంటాను. రాయకుండా మాత్రం ఉండకు.

బాబాయి


అక్టోబరు 16

బాబాయ్,

ఇది టౌను ఆసుపత్రి ఎదురుగా ఉన్న లాడ్జి నుంచి రాస్తున్నాను. గది చిన్నది. కిటికీ తెరిస్తే మంచానికి తగులుతుంది, మూస్తే ఊపిరాడదు. ఇక్కడికి వచ్చి ఎనిమిది రోజులైంది.

జరిగింది వరసగా చెబుతాను. అక్టోబరు ఒకటిన జీపు వచ్చింది. సంచి దింపారు. ఇన్‌ఛార్జి చీటీ విప్పి నిలబడే చదివాడు, మళ్లీ కూర్చుని చదివాడు. "మీ బాబాయి చేతిరాత బాగుంది," అన్నాడు. "ఎడమ చెయ్యి ఎత్తు," అన్నాడు. భుజం దాకా కూడా లేవలేదు. రిజిస్టరు తీసి నా పేరు మీద స్కేలు పెట్టి గీత కొట్టాడు. రెండో గీత కూడా కొట్టాడు, మొదటిది సరిగ్గా పడలేదని. అంతే. తరవాతి జీపులో దిగాను.

డాక్టరు నరం నలిగిందన్నాడు. పట్టీ భుజం మీద నొక్కే చోట. ఆరు నెలల్లో రావచ్చు, రాకపోవచ్చు. "రెండు నెలల ముందు వచ్చి ఉంటే," అని ఆగిపోయాడు. రెండు నెలల ముందు నేను నీకు చలి అని రాశాను. ప్రస్తుతం గ్లాసు పట్టుకోగలను, నిండుగా ఉంటే కాదు. దువ్వెన పట్టుకోలేను. రోజూ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నర్సు జడ వేస్తోంది.

నీ మీద కోపం ఉందా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చీటీలో ఒక్క అబద్ధం లేదు. అందుకే ఏమీ అనలేకపోతున్నాను. అబద్ధం ఒక్కటైనా ఉండి ఉంటే బాగా తిట్టేదాన్ని. వాళ్లు పంపించేశారు కాబట్టి దిగాను. ఎవరూ పంపకపోతే దిగేదాన్ని కాదు. అది కూడా నిజమే.

ఉత్తర్వు మారలేదు. "పరిశీలనలో ఉంది" అని వచ్చింది. నీ కాగితం గోడ మీదే ఉంది. చివరి వాక్యం ఉన్నంత మేరకు తెల్లకాగితం అతికించారు, ఎర్ర గీత మాత్రం కింద కనిపిస్తోంది.

ఇంకొకటి చెప్పాలి. నేను దిగే రోజునే నా చోటికి కొత్త అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఐదో నంబరు సంచి తనకే ఇచ్చారు. నువ్వు కుట్టు వేసి పంపిన సంచి. ఇన్‌ఛార్జి నాతో, "వెళ్లేముందు ఈ పిల్లకి సరిచేసి వెళ్లు, ఇక్కడ నీ అంత బాగా ఎవరికీ రాదు," అన్నాడు. జీపు బయట ఉంది. చెయ్యనని చెప్పొచ్చు. అప్పుడు తను ఆ సంచిని పై గాడిలో, భుజాల మీద, తువ్వాలు పెట్టుకుని మోస్తుంది. చేశాను, బాబాయ్. వంటక్కను టేపు పట్టమన్నాను. తన వీపు పదిహేనున్నర. పలక కింది గాడిలోకి మార్చాను. నడుం పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోబెట్టాను. ఒంటి చేత్తో ఎక్కువసేపు పట్టింది. బాగా చేశాను. నువ్వు చూసినా వంక పెట్టలేవు.

మూడు బ్యాటరీలు పెట్టి ఆపాను. నాలుగోది ఇన్‌ఛార్జి వచ్చి పెట్టాడు.

ఆ పిల్ల గుమ్మం దాకా నడిచి తిరిగొచ్చింది. "అస్సలు బరువే లేదక్కా," అంది. నేను దగ్గరికి పిలిచి, చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైతే దాచవద్దు, వెంటనే చెప్పమన్నాను. నా ఎడమ చేతివైపు చూసింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది: "చెబితే పంపించేస్తారటగా అక్కా?"

జీపు హారన్ కొట్టింది. నేను ఎక్కేశాను.

వచ్చే బుధవారం ఆసుపత్రిలో పరీక్షల కాగితాలు ఇస్తారు. గురువారం మీ ఇంటికి వస్తున్నాను. స్టేషనుకి రా, పెట్టె నువ్వు పట్టుకోవాలి.

గునపం